పాత బండికి కొత్త సైలెన్సర్: స్టడ్ దగ్గర మొదలై జెట్ దగ్గర తేలే పని

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? సరే. మాట్లాడే ముందు ఈ రెండు డబ్బాలు మీ చేతుల్లోకి పంపిస్తున్నాను. ఒకదాంట్లో మూడు స్పార్క్ ప్లగ్గులున్నాయి, రెండో దాంట్లో విరిగిన స్టడ్ ముక్క ఉంది. స్టడ్ అంటే పైపుని ఇంజన్‌కి పట్టి ఉంచే తలలేని బోల్టు. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. వాటి సంగతి మధ్యలో వస్తుంది.

నాకిచ్చిన విషయం పాత మోటార్ సైకిల్‌కి బయట దొరికే సైలెన్సర్ బిగించుకోవడం. పాత బండి అంటే ఎన్నేళ్ళది అని అడగకండి. కార్బురేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం, ఉంటే నా దృష్టిలో అది పాత బండే. దాంట్లో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. పైపు మారిందన్న సంగతి ఇంజన్‌కి చెప్పే నాథుడు లేడు. మనమే చెప్పాలి.

కొత్త పైపు అట్టపెట్టె విప్పిన రోజున పని మొదలవుతుందని నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే దానికి మూడు రోజుల ముందు, పాత స్టడ్ల మీద ఆయిల్ కొట్టినప్పుడే మొదలైనట్టు లెక్క. పైపు బిగించాక ఇంకో వారానికి, కార్బురేటర్‌ని ఆఖరిసారి విప్పి మూసినప్పుడు గానీ అవదు. మధ్యలో పైపు బిగించడం గంట పని. వీడియోల్లో చూపించేది ఆ గంటే.

అసలు ఎందుకు మారుస్తాం? సౌండ్ కోసం అని ఎవరూ ఒప్పుకోరు. (నవ్వులు) పాతది చిల్లిపడింది అంటారు. అది చాలాసార్లు నిజం కూడా. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. వినడానికి నమ్మబుద్ధి కాదు గానీ, పెట్రోల్లో ఉన్న హైడ్రోజన్, గాల్లో ఉన్న ఆక్సిజన్ కలిస్తే అయ్యేవి నీళ్ళే కదా. దూరం తిరిగిన బండిలో అవి ఆవిరిగా పోతాయి. పది నిమిషాలు తిప్పి ఆపేసిన బండిలో సైలెన్సర్ పొట్టలో చేరి కూర్చుంటాయి. అందుకే ఎక్కువ తిరిగే బండి కంటే వీధి చివరి దాకా వెళ్ళొచ్చే బండికే సైలెన్సర్ ముందు పోతుంది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, అడుగున బొటనవేలు నొక్కితే లోపలికి దిగుతుంది. కంపెనీ సైలెన్సర్ అడుగున చిన్న రంధ్రం చూసే ఉంటారు, నీళ్ళు కారడానికి పెట్టినది. లీకేమో అని దాన్ని వెల్డింగ్ పెట్టి మూసేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇంక పవర్. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే దీని మీదే అపోహలు ఎక్కువ.

పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే సిలిండర్లో మిగిలిన ఒత్తిడి పైపులోకి ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపు అలలాగా పోతుంది. మామూలు గాల్లో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, ఆ వేడి పొగలో 500 మీటర్లు దాటి పోతుంది. పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి రాగానే ఆ అల వెనక్కి తిరుగుతుంది. పోయేటప్పుడు తోపు, వచ్చేటప్పుడు పీల్పు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే కొద్ది క్షణం ఒకటి ఉంటుంది. ఆ పీల్పు సరిగ్గా అప్పటికి వాల్వు దగ్గరికి చేరిందనుకోండి, మిగిలిన పొగను బయటికి లాగేసి, కొత్త మిశ్రమాన్ని కూడా లోపలికి రప్పిస్తుంది. ఊరికే వచ్చిన బలం.

లెక్క చూడండి. అల తిరిగే చోటు వాల్వు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పోయి రావడానికి 3 మిల్లీసెకన్లు. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చుట్టులో మూడో వంతు అయ్యేలోపు అల వెనక్కి వచ్చేస్తుంది. అదే 3,000 దగ్గర ఆరో వంతుకే వచ్చేస్తుంది. పైపు అదే, అల వేగం ఇంచుమించు అదే, కానీ ఇంజన్ ఇంకా ఆ పీల్పుకి సిద్ధంగా లేదు. అందుకే ఏ పైపైనా ఒక స్పీడ్ దగ్గర మేలు చేస్తుంది, ఇంకో స్పీడ్ దగ్గర ఆ మేలు ఉండదు. పై స్పీడ్‌లో బాగుంది అంటే కింద ఏం పోయిందో కూడా అడగాలి.

"ఇంజన్‌కి కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలండీ" అనే మాట మీరందరూ విని ఉంటారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను, ఇప్పుడు సిగ్గేస్తుంది. బ్యాక్ ప్రెషర్ అంటే పొగకి అడ్డం. అడ్డం వల్ల ఇంజన్‌కి మేలేమీ లేదు. మేలు చేసేది పొగ వేగం. మరీ వెడల్పాటి పైపు వేస్తే వేగం తగ్గి, ఇందాక చెప్పిన పీల్పు బలహీనపడి, కింది స్పీడ్‌లో పికప్ చచ్చిపోతుంది. అది చూసి బ్యాక్ ప్రెషర్ పోయింది అంటారు. జబ్బు ఉన్నమాట నిజమే, పేరే తప్పు.

టూ స్ట్రోక్, అంటే క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి మండే ఇంజన్, సంగతి వేరే. అందులో వాల్వులు లేవు, పైపే వాల్వు పని చేస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీకి వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1950లలో ఆయన ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో లావై చివర సన్నబడే ఎగ్జాస్ట్ పైపు) మీద కూర్చుని, తిరిగొచ్చే అలతోనే తప్పించుకుపోతున్న మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్లోకి నెట్టే పద్ధతిని పదునుపెట్టాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అదే ఏడు ఆ బండి నడిపే రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం వదిలేసి, ఆ గుట్టంతా పట్టుకుని సుజుకీకి వెళ్ళాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ మీద ఆయనదే. కాబట్టి టూ స్ట్రోక్ బండికి "చూడ్డానికి బాగుంది" అని పైపు కొనకండి. ఆ లావు, ఆ సన్నం అన్నీ లెక్క ప్రకారం ఉన్నవే. ఇక నుంచి నేను చెప్పేది ఫోర్ స్ట్రోక్, అంటే రెండు చుట్లకి ఒకసారి మండే ఇంజన్, గురించే.

ఇప్పుడు విప్పడం. స్టడ్ డబ్బా ఎవరి దగ్గరుంది? మీ దగ్గరా? ఒకసారి ఎత్తి చూపించండి తమ్ముడూ. ఆ విరిగిన చోట చూడండి, అంచున కొంచెం మెలి తిరిగి ఉంటుంది.

అది 350 సీసీ, ఒకే సిలిండర్ ఉన్న నా బండిది. ఆదివారం పొద్దున్న, ఆయిల్ కొట్టి పావుగంట కూడా కాలేదు, స్పానర్ వేశాను. మొదట కదల్లేదు. బలం పెట్టాను, తిరిగింది. మెత్తగా, జీడిపాకంలా తిరిగింది. ఆహా, వదులైంది అనుకున్నాను. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మెత్తదనమే. తుప్పు వదిలిన నట్టు కిర్రుమంటుంది, ఒక్కసారి టక్కున వదులుతుంది. మెత్తగా సాగుతోంది అంటే తిరిగేది నట్టు కాదు, స్టడ్డే మెలిపడుతోంది. అక్కడితో ఆపితే బతికిపోయేవాణ్ణి. ఇంకో పావు చుట్టు తిప్పాను. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఇంజన్ పైభాగమైన హెడ్డు ఊడదీసి వేరేవాళ్ళ చేత డ్రిల్ చేయించి, పోయిన మరల బదులు కొత్త మరలిచ్చే థ్రెడ్ ఇన్‌సర్ట్ వేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కాబట్టి మూడు రోజుల ముందు నుంచి రోజూ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. మధ్యలో బండి తిప్పి చల్లారనివ్వండి. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు స్టీలు. అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ తుప్పులో సన్నని పగుళ్ళు వచ్చి ఆయిల్ ఇంకో కాస్త లోపలికి పోతుంది. విప్పేటప్పుడు ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది అరిగిన నట్టు మీద జారుతుంది. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి, తర్వాత విప్పండి. కదిలిందా, పావు చుట్టు విప్పి మళ్ళీ కొంచెం బిగించి, ఇంకో చుక్క ఆయిల్ వేసి, మళ్ళీ విప్పండి. చాదస్తంగా ఉంటుంది గానీ ఇలాగే చేయాలి.

మంట వాడాల్సి వస్తే వేడి స్టడ్డుకి కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియంకి. అది కూడా ఆయిల్ పూర్తిగా తుడిచాక, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాక. ఇంత చేసినా విరిగితే, కొంచెమైనా మొదలు మిగిలి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డ్ చేయించండి. ఆ వేడికే సగం తుప్పు వదులుతుంది, నట్టు పట్టుకుని తిప్పితే బయటికి వస్తుంది. వెల్డింగ్ బండి మీదే అయితే ముందు బ్యాటరీ తీగలు విప్పేయాలి. విరిగిన స్టడ్డులో రంధ్రం చేసి, దాంట్లో దూర్చి తిప్పి బయటికి లాగే ఈజీ అవుట్ అనే పనిముట్టు ఉంది కదా, దానికి ఆ పేరు పెట్టినవాడు దాన్ని ఎప్పుడూ వాడి ఉండడు. (నవ్వులు) అది లోపల విరిగిందంటే దాన్ని డ్రిల్ కూడా చేయలేం, స్టడ్డు కంటే గట్టిది.

పైపు ఊడింది. ఇప్పుడు టార్చ్ వేసి ఎగ్జాస్ట్ పోర్టు, అంటే హెడ్డులో పైపు కూర్చునే రంధ్రం, లోపల చూడండి. నల్లగా, గుండ్రంగా, నున్నగా ఒక అంచు కనిపిస్తుంది. హెడ్డులో భాగమే అనుకుంటారు. స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూడండి. మసి కింద రాగి రంగు తేలిందా, అది పాత గ్యాస్కెట్, జాయింట్లోంచి పొగ కారకుండా వేసే రింగు. ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి గోడలో కలిసిపోయింది. అది తీయకుండా దాని మీదే కొత్తది పెట్టేవాళ్ళు ఎంతమందో. నేను పెట్టాను కాబట్టి చెప్తున్నాను. ఫ్లాంజ్, అంటే పైపు మొదట్లో నట్లు పట్టే పట్టీ, లోపలికి కూర్చోదు, నట్టు రెండు మరలే పట్టుకుంటుంది, కొత్త పైపు కొలత తప్పిందని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. గ్యాస్కెట్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. ఒకసారి నలిగిన రాగి మళ్ళీ అదే ఆకారానికి నలగదు.

స్టడ్లకి రాగి పేస్ట్ పలచగా రాయండి. ఈసారి విప్పేది కూడా మీరే కదా.

బిగించడంలో ఒక్కటే సూత్రం: అన్నీ తగిలించేదాకా ఏదీ బిగించొద్దు. హెడ్డు దగ్గర నట్లు చేత్తో, మధ్య క్లాంపు వదులుగా, వెనక సైలెన్సర్‌ని బండికి పట్టి ఉంచే హ్యాంగర్ బోల్టు వదులుగా. పైపు తనంతట తాను ఎక్కడ కూర్చుంటుందో చూడండి. తర్వాత హెడ్డు దగ్గర రెండు నట్లూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి, ఫ్లాంజ్ వంకర పోకుండా బిగించాలి. ఎంత బిగువో మీ బండి మాన్యువల్ చెప్తుంది. 8 ఎంఎం స్టడ్డు అయితే సాధారణంగా 20 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ, 6 ఎంఎం అయితే అందులో సగం. ఆ తర్వాతే క్లాంపు, అందరికంటే ఆఖర్న హ్యాంగర్. హ్యాంగర్ బోల్టు రంధ్రానికి రాక, పైపుని మోకాలితో నెట్టి బోల్టు దూర్చారనుకోండి, ఆ నెట్టిన బలం అక్కడే ఉండిపోతుంది. ఇంజన్ అదిరిన ప్రతిసారీ బ్రాకెట్‌ని లాగుతుంది. కొన్నాళ్ళకి వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది. రంధ్రం అందకపోతే వాషర్ వేయండి, బ్రాకెట్ మార్చండి, పైపుని మాత్రం వంచకండి. హ్యాంగర్‌లో రబ్బరు బుష్ అరిగి ఉంటే అదీ అప్పుడే మార్చేయండి.

సెంటర్ స్టాండ్ గురించి ఎవరూ చెప్పరు. చాలా పాత బళ్ళలో స్టాండ్ పైకి లేచి ఆగేది సైలెన్సర్ మీదే. దాని అడుగున చిన్న రబ్బరు ముద్ద ఉంటుంది. కొత్త సైలెన్సర్‌కి అది ఉండదు. స్టాండ్ ఇంకొంచెం పైకి వెళ్ళి చైన్‌కి తగులుతుంది. నాకు తెలిసిన ఒకాయన టకటక శబ్దం వస్తోందని ఇంజన్ విప్పించే దాకా వెళ్ళాడు. తీరా చూస్తే స్టాండ్. అలాగే వెనక చక్రం ఇరుసు సైలెన్సర్ విప్పకుండా బయటికి వస్తుందా, ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి స్పానర్ పడుతుందా, కిక్ పూర్తిగా కిందికి దిగుతుందా, ఇద్దరు కూర్చుని గుంతలో పడితే వెనక భాగం పైపుకి తగులుతుందా, ఇవన్నీ స్టార్ట్ చేయకముందే చూసుకోవాలి.

స్టార్ట్ చేసే ముందు ఇంకో చిన్న పని. గుడ్డకి కాస్త థిన్నర్ పోసి పైపంతా తుడవండి, తుడిచాక వేలు పెట్టకండి. పోసిన థిన్నర్ పూర్తిగా ఆరాకే స్టార్ట్ చేయాలి. నా మొదటి స్టెయిన్‌లెస్ పైపు మీద ఇప్పటికీ నా ఎడమచేతి నాలుగు వేళ్ళ ముద్రలున్నాయి, గోధుమరంగులో, గీతలతో సహా. చేతి జిడ్డు మొదటి వేడికే కాలి అంటుకుపోతుంది. పోలీసులకి చాలా ఉపయోగం, నాకు కాదు. (నవ్వులు)

మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే. మూసిన షెడ్డులో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పైపు మీద మిగిలిన నూనె కాలి కాసేపు పొగ వస్తుంది, టెన్షన్ పడకండి. ఇంకా చల్లగా ఉండగానే జాయింట్ల మీద సబ్బు నీళ్ళు చల్లండి, బుడగలు వస్తే లీకు. చిన్న లీకే కదా అనొద్దు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపులోకి బయటి గాలి ఆ సందులోంచి పోయి, కాలని పెట్రోలుతో కలిసి పటపటమని పేలుతుంది. దానికి కార్బురేటర్ కారణం అనుకుని జెట్లు, అంటే దాంట్లో పెట్రోలు కొలిచి వదిలే సన్నని రంధ్రాల మరలు, మారుస్తూ కూర్చుంటాం.

లీకు లేదని తేలాక అసలు జెట్ల సంగతి. ప్లగ్గుల డబ్బా ఎక్కడి దాకా వచ్చింది? సరే, చేతిలో ఉన్నవాళ్ళు పింగాణీ వైపు చూడండి. తెల్లగా, సున్నం వేసినట్టు ఉన్నది కొత్త పైపు వేసి ఏమీ మార్చకుండా నేను తిప్పిన ప్లగ్. పొగ సులువుగా పోతోంది, గాలి ఎక్కువ వస్తోంది, పెట్రోలు పాత లెక్క ప్రకారమే పోతోంది. మిశ్రమం పలచనైంది, ఇంజన్ మితిమీరి వేడెక్కింది. నల్లగా మసిపట్టినది దానికి భయపడి రెండు సైజులు పెద్ద జెట్ వేసినప్పటిది. బిస్కెట్ రంగులో ఉన్నది మూడోది, దాని దాకా రావడానికి ఐదు ఆదివారాలు పట్టింది.

ఏ జెట్ ఎక్కడ పని చేస్తుందో తెలిస్తే ఐదు ఆదివారాలు అక్కర్లేదు. యాక్సిలరేటర్ పావు వంతు లోపు పైలట్ జెట్ మాట నడుస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది, అంటే యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేచే సూదిది. ఆ పైన మెయిన్ జెట్. హ్యాండిల్ గ్రిప్ మీద టేపు ముక్క అంటించి గీతలు గీసుకోండి, ఏ గీత దగ్గర బండి తడబడుతోందో చూడండి. అక్కడ పెట్రోలు పాలు పెంచే చోక్ కొంచెం లాగితే బాగుపడిందా, పెట్రోలు తక్కువైంది. ఇంకా పాడైందా, ఎక్కువైంది. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు. నీడిల్ దగ్గరైతే దాన్ని పట్టి ఉంచే క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. పైపు వేసిన రోజే ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చేశారంటే ఏది ఏం చేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. జెట్ మీద నెంబరు కూడా ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ ఒకటే కాదు. ఒకరు రంధ్రం వెడల్పు కొలుస్తారు, ఇంకొకరు ప్రవాహం కొలుస్తారు. పాత జెట్‌నే డ్రిల్‌తో పెద్దది చేసేవాళ్ళున్నారు. దయచేసి వద్దు.

(సభలోంచి ప్రశ్న: బాఫిల్ తీసేస్తే పవర్ పెరుగుతుందా?)

బాఫిల్ అంటే సైలెన్సర్ లోపల శబ్దాన్ని తగ్గించే అడ్డు. అది తీస్తే పవర్ పెరిగినట్టు చెవులకి అనిపిస్తుంది. స్పీడోమీటర్‌కి అనిపించదు. సౌండ్ 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి రెట్టింపైనట్టు వినిపిస్తుంది. చెవికి రెట్టింపు కాగానే బండి కూడా రెట్టింపు పరిగెడుతోందని మనసు నమ్మేస్తుంది. ఖాళీ కుండకి మోత ఎక్కువ అని ఊరికే అన్నారా? పైగా బాఫిల్ తీస్తే మిశ్రమం ఇంకా మారుతుంది, ఇందాకటి ఆదివారాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. చట్టం సంగతి కూడా కొనేముందే చూసుకోండి. నిలబెట్టి కొలిచే పరీక్షలో మైకు పైపు చివర నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఎక్కువ స్పీడ్‌లో తిరిగే ఇంజన్లకి గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎంలో సగం దగ్గర కొలుస్తారు. బాఫిల్ లేని పైపు అక్కడ దొరికిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ సౌండ్ పెరుగుతోందంటే లోపల శబ్దాన్ని మింగే గ్లాస్ ఊల్ (గాజు పీచు) కాలిపోయిందని అర్థం, అది మార్చుకోవచ్చు.

(ప్రశ్న: పైపుకి హీట్ టేప్ చుట్టుకోవచ్చా?)

మామూలు ఇనప పైపుకి వద్దండి. వాన తడి ఆ గుడ్డలో నిలిచి, లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడకుండా తుప్పుపడుతుంది. ఒకసారి విప్పితే టేపుతో పాటు పొరలు పొరలుగా పైపు కూడా ఊడొచ్చింది.

ఇంకొకటి మర్చిపోయాను. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు దగ్గర నట్లు మళ్ళీ ఒకసారి బిగించండి. కొత్త గ్యాస్కెట్ వేడికి ఇంకొంచెం నలిగి ఉంటుంది, నట్టు పావు చుట్టు దాకా వస్తుంది. పాత సైలెన్సర్ చిల్లిపడినా సరే పారేయకండి. కొన్ని మోడళ్ళకి అది ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. బాగున్నదైతే లోపల ఆయిల్ చల్లి రెండు వైపులా గుడ్డ కుక్కి అటక మీద పెట్టండి.

సమయం అయిపోయిందని అక్కడి నుంచి చెయ్యి ఊపుతున్నారు. ప్లగ్గులు మూడూ నాకు తిరిగి ఇచ్చేయండి. పోయినసారి రెండే వచ్చాయి, అందులో బిస్కెట్ రంగుది లేదు.